అమ్మ ముక్కుపుల్ల ఏ పక్కన?

మన్సూరాబాద్, అక్టోబరు 2011

సత్తెక్కా, నీ తమ్ముడు బుచ్చిరాములు మంచిగనే ఉన్నాడు. టీవీలో సమ్మె చూసి పరేషాన్ కాకు. బస్సులే బంద్, తిండికి లోటు లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణం మూసినంక చేతులు ఊరుకోవడం లేదు. నలభై ఏండ్లు మంది కొలతలకు కుట్టాను. ఇప్పుడు మిగిలిన ముక్కలతో అమ్మ వరి కోస్తున్నట్టు బొంత కుడుతున్నాను. కప్పుకోవడానికి కాదు, గోడకు వేయడానికి.

మొన్న ఎత్తి చూపిస్తే నీ మరదలు నవ్వింది. "ఏందయ్యా, ఎడమ చేత్తోటి వరి కోస్తున్నదా మా అత్త? గిన్నేండ్ల దర్జీవి!" అన్నది. అంగీలకు గీసినట్టే బట్ట ఉల్టా పక్కన సుద్దతో గీశాను. తిప్పేసరికి కుడి ఎడమైంది. "నీకేం తెలుసే" అన్నాను గాని, మూడు దినాలు కుట్లు విప్పాను.

కొడవలి కుడిచేతికి వచ్చింది. ముక్కుపుల్ల కాడ చెయ్యి ఆగింది. ఏ పక్కన ఉండెనో యాది లేదు. అమ్మ పోయిననాడు నాకు ఆరేండ్లు, నీకు పదహారు. ఫోటో లేదు, అడగడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు. బస్సులుంటే నేనే వస్తుంటి. కూర్చోబుద్ధి కాదు, నిలబడబుద్ధి కాదు.

నీ కంటి ఆపరేషన్ అయిందా? బావ బీడీలు మానిండా? నీ పాత బొంతలో అమ్మ చీర ముక్క ఉంటే విప్పి కవర్లో పంపు.

ముక్కుపుల్ల సంగతి అందాజగా రాయించకు. నీకూ యాది లేకుంటే లేదనే రాయించు, కొంగు అడ్డం వేసి కుడతాను. బావకు దండం, పిల్లలకు దీవెనలు. సూదికి దారం ఎక్కించి పెట్టుకున్నాను.