ఈరప్ప తాత మగ్గం ఫోటో

వనపర్తి

పూజ్యులైన మామకు, మీరు స్టూడియోలోంచి వెళ్లగొట్టిన మేనల్లుడి విన్నపం.

మొన్న గద్వాలలో ఈరప్ప తాత మగ్గం ముందు పెద్ద కెమెరా పెట్టి, ఫోటోకు ముందే లెన్సుకు తెల్ల కాగితం అడ్డుపెట్టి ఫిలింకు రవ్వంత వెలుతురు చూపించాను. "తియ్యకముందే ఫిలిం కరాబు జేస్తివి గదరా! రేపటి సంది నా స్టూడియో మెట్లెక్కకు" అన్నారు మీరు. కిటికీ ఎండకు చీర జరీ మెరుస్తుంటే, మగ్గం గుంటలో కూర్చున్న తాత ముఖం నల్లగా పడుతుందనీ, ఆ రవ్వంత వెలుతురు చీకట్లో ఉన్నవి తేలడానికే సాయమనీ చెప్పినా వినక, అలిగి మూలకు పోయి కూర్చున్నారు. నేను అదే ఫిలిం మీద ఫోటో తీసి, ఇక్కడికి తెచ్చి కడిగాను.

జరీ పోగు పోగూ ఉంది. తాత నవ్వూ ఉంది. వెనక చీకటి మూలలో తమరూ ఉన్నారు. షటర్ తెరిచినంతసేపు గదిలో ఎవరూ కదలొద్దన్నది మీ నియమమే కనుక, తాత ఇంట్లో పెట్టిన లడ్డూను నోటి దాకా తెచ్చి అలాగే ఆగారు. చాలా స్పష్టంగా వచ్చింది.

మీకు షుగరని తెలిసినప్పటి నుంచీ స్వరూపత్త "మా ఆయన తీపి ముట్టనే ముట్టడు" అని ఊరంతా చెప్పుకుంటోంది. ఈ ఫోటో పెద్దది చేసి స్టూడియో అద్దాల్లో పెట్టాలన్నదీ ఆమె కోరికే.

ప్రింటు వేసేటప్పుడు ఆ మూలను మళ్లీ నల్లగా చేసే విద్య నాకు వచ్చు. దానికి పెద్ద ప్రింట్లు వేసే మన డార్క్‌రూమే కావాలి. సోమవారం వస్తున్నాను. స్టూడియో మెట్లెక్కమంటారా, నేరుగా అత్త దగ్గరికి పొమ్మంటారా?

మీ శిక్షణలో పెరిగిన
మేనల్లుడు