పిండిమర దగ్గర చెప్పే కథ

వైడెన్‌బాఖ్,
సెప్టెంబరు

ఒటీలీ అక్కా,

ఈ ఊరి సంగతులు రాస్తే ఉత్తరం చించేస్తానన్నావు. చించే ముందు ఈ ఒక్కటీ చదువు.

నిన్న వైను పండుగలో డెట్లెఫ్ నా ఎదురుగానే కూర్చున్నాడు. వాళ్ల నాన్న నడిపిన పిండిమరని ఇప్పుడు సత్రంగా మార్చి, యాత్రికులకి గదులిచ్చి పెద్దమనిషై తిరుగుతున్నాడులే. ఎవరో అప్పట్లో మర తగలబడిన సంగతి ఎత్తారు. వాడు పగలబడి నవ్వాడు.

"ఆ నిప్పు నాదేనయ్యా! మర పక్క గడ్డివాములో దొంగతనంగా సిగరెట్టు కాల్చాను. నాన్న తోలు వలుస్తాడని భయమేసి, ఆ దారిన పోతూ కనిపించిన ఒటీలీ పేరు చెప్పేశాను. పాపం, పిచ్చిపిల్ల!"

బల్ల చుట్టూ అందరూ నవ్వారక్కా. నవ్వాక ఒకరిద్దరికి నేనున్నానని గుర్తొచ్చి తల దించుకున్నారు.

నీ మీద కేసు లేదు, విచారణ లేదు. రొట్టెల కొట్టులో నీ చేతికి రొట్టె అందించడం మానేసి బల్ల మీద పెట్టేవాళ్లు. చర్చిలో నీ పక్కన పాడే పిల్లలు అటు జరిగి కూర్చున్నారు. నాన్న చేసిన కుర్చీలు కొనేవాళ్లు లేకపోయారు. నువ్వు ఒక పెట్టెతో బస్సెక్కేశావు. అమ్మని పాతిపెట్టిన రోజు కూడా శ్మశానం గోడ అవతల నిలబడి, అటునుంచి అటే వెళ్లిపోయావు. అదంతా వాడికి ఒక గ్లాసు వైనుకి సరిపడా నవ్వు!

చేతిలో గ్లాసు వాడి మొహాన కొడదామనుకున్నాను. కొడితే తెల్లారేసరికి నేనే పిచ్చిదాన్నవుతాను. అందుకే నవ్వుతూ లేచి వచ్చేశాను.

శనివారాలు యాత్రికులకి ఊరు చూపించేది నేనేగా. మంత్రగత్తెల బురుజు దగ్గర, పాతరోజుల్లో లేనిపోని నింద వేసి కాల్చేసిన ఆడవాళ్ల కథ చెబుతాను. "ఎంత మూర్ఖులో అప్పటివాళ్లు!" అంటారు అందరూ. ఇకమీదట కథ అక్కడితో ఆపను. వాడి పరువు వాడి గుమ్మంలోనే తీస్తాను.

నీ చెల్లెలు,
వాల్లీ

*

వైడెన్‌బాఖ్,
అక్టోబరు చివర

ఒటీలీ అక్కా,

నువ్వు జవాబు రాయలేదు. అయినా రాస్తున్నాను.

అన్నట్టే చేశాను. బురుజు, చర్చి, రాతి వంతెన చూపించి అందరినీ మర ముందుకి తీసుకెళ్లి నీ కథ చెప్పాను. గొంతు పెంచలేదు, ఒక్క మాట కల్పించలేదు. కొలోన్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అడిగింది: "ఇది ఏ కాలం నాటి సంగతమ్మా?"

"నేను బడికెళ్లే రోజులదండీ."

"అయితే ఆ మనిషి బతికే ఉన్నాడా?"

"అదిగో, గుమ్మంలో బీరు పోస్తున్నాడే, ఆయనే."

ఆవిడ వాణ్ణి కింది నుంచి పైదాకా చూసి, చేతిసంచీ భుజాన సర్దుకుని వెళ్లిపోయింది. వెనకే అందరూ. వాడు నింపి పెట్టిన గ్లాసులన్నీ అలాగే నురగ చచ్చి పడున్నాయి. ఎంత హాయిగా ఉందో చెప్పలేనక్కా! ఇంటికొచ్చి ఒక్కదాన్నే పాటలు పాడుకున్నాను. పై వారమూ చెప్పాను, ఆ పై వారమూ చెప్పాను.

రొట్టెల కొట్టు గెర్లిండె నన్ను ఆపింది. "ఇక చాలించవే వాల్లీ, పాత గాయాలు ఎందుకు కెలుకుతావు?"

"గాయం ఎవరిది గెర్లిండె? నీదా?" అన్నాను. చిల్లర నా చేతిలో పెట్టి లోపలికి పోయింది.

చివరికి వాడే మా ఇంటికొచ్చాడు. ముందు బెదిరించాడు. "నా వ్యాపారం నాశనం చేస్తున్నావు. నిన్ను కోర్టుకీడుస్తాను!"

"ఈడ్చు. పండుగలో నీ మాటకి నవ్వినవాళ్లందరినీ సాక్ష్యానికి పిలుస్తాను."

కుర్చీలో కూలబడ్డాడు. "నా మనవరాలు అడిగింది వాల్లీ, 'తాతా, అది నువ్వేనా?' అని. ఏం చెప్పను దానికి?"

జాలి పడాలేమోనని నన్ను నేను తడుముకుని చూసుకున్నాను. లేదక్కా, ఎక్కడా దొరకలేదు.

"నిజం చెప్పు. ప్రతి శనివారం మర ముందు నిలబడి, నీ నోటితో నువ్వే చెప్పు. అప్పుడు నేను మానేస్తాను."

"ఎన్నాళ్లు?"

"అది నన్నడక్కు. ఒటీలీ చాలనేదాకా."

ఒప్పుకున్నాడు. ఇప్పుడు నేను అందరినీ మర దాకా పంపించి వంతెన మీదే ఆగిపోతున్నాను. వాడి గొంతు వినబుద్ధి కాదు. ఇక అంతా నీ చేతిలో ఉంది. చాలంటావా? రాయి.

వాల్లీ

*

బ్రేమెన్,
నవంబరు

వాల్లీ తల్లీ,

మొన్న శనివారం నేను వైడెన్‌బాఖ్ వచ్చాను. తిట్టుకోకు. నిన్ను చూస్తే ఏడుస్తాను, ఏడ్చిన కళ్లతో వాడి ముందు నిలబడకూడదనుకున్నాను. అందుకే మర దగ్గరే బస్సు దిగి, నువ్వు పంపిన గుంపు రాగానే అందులో కలిసిపోయాను.

ముసలాడైపోయాడు. టోపీ తీసి చేతుల్లో నలుపుతూ మొదలుపెట్టాడు. "నిప్పంటించింది నేను. అబద్ధం ఆడింది నేను. ఊరు వెళ్లగొట్టింది ఒటీలీ ఫాస్‌బెండర్‌ని. ఆమె ఏ తప్పూ చెయ్యలేదు." ఆ ఊరి మనిషి నోట నా పేరు పక్కన తప్పు లేదన్న మాట విన్నాను వాల్లీ. గోడ పట్టుకుని నిలబడ్డాను.

మెడలో కెమెరా వేసుకున్న ఒకాయన అడిగాడు. "ఇలా ఎన్నాళ్లు చెబుతారండీ?"

"ఆవిడ చాలనేదాకా," అంటూ తలెత్తాడు. నన్ను చూశాడు.

గుర్తుపట్టేశాడు. మొహం పాలిపోయింది. గుంపులో ఎవరికీ ఏమీ తెలియలేదు. వాడు కళ్లతోనే అడిగాడు. నేను చాలంటే అక్కడికక్కడే కూలిపోయి ఏడ్చేలా ఉన్నాడు. ఆ ఒక్క మాటా నా నాలుక చివరి దాకా వచ్చిందని నీ దగ్గర దాచను.

"కొండ మీది కోటకి దారి ఎటండీ?" అని అడిగాను.

వాడు టోపీ పట్టుకున్న చెయ్యెత్తి చూపించాడు. ధన్యవాదాలు చెప్పి, మిగతా యాత్రికులతో పాటు కొండెక్కాను. పైనుంచి చూస్తే మన ఊరు ఎంత అందంగా ఉందో! నా బతుకులో సగం ఆ అందం చూడకుండానే గడిపేశాను.

క్రిస్మస్‌కి నీ దగ్గరికి వస్తాను, గది వెచ్చగా ఉంచు. వాణ్ణి మాత్రం ఈ శనివారం కూడా చెప్పనీ.

నీ అక్క,
ఒటీలీ