అవ్వ ముంగిట్లో అన్న మాట

అల్లుడు ఐతాల్‌ను దీవించి అత్త వ్రాయునది. ఇక్కడ మా అమ్మాయి కున్నెయ్, నీ పాప, ఆవులు, నేను, అందరం క్షేమం. నా మోకాళ్ళు మాత్రం క్షేమం కాదు. వాటి సంగతి నువ్వు అడగలేదు కాబట్టి వదిలేస్తున్నాను. ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నావు. అందుకే నువ్వు పనిచేసే గనికి సరుకు తెచ్చే లారీ డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇచ్చాను. చింపేసే ముందు ఒకసారి చదువు.

"ఈ ఏడు తాగే నీళ్ళకి మంచుగడ్డలు ఎవరు కోశారు?" అని కున్నెయ్‌ని అడిగావట. ఎవరు కోస్తారు, నా తలకాయ! మనం అవ్వా అని పిలుచుకునే సరస్సే వెళ్ళిపోయాక మన ఊళ్ళో మంచుగడ్డ ఎక్కడిది? ఆమె ఉన్నచోట బురద గడ్డకట్టింది, దాని మీద గుర్రాలు తిరుగుతున్నాయి. ఊరంతా కలిసి పద్దెనిమిది కిలోమీటర్లు పోయి, పక్క లోయ సరస్సులో కోసుకొచ్చాం. కరిగిస్తే పచ్చగా దిగుతోంది. టీ పెడితే నానిన గడ్డి కంపు. పోయినేడు అవ్వలో కోసి దాచిన గడ్డలేమో ఈ వేసవిలోనే నేలమాళిగలో కరిగిపోయాయి. చుట్టూ ఉన్న నేలే కరుగుతుంటే పాపం మాళిగ ఏం చేస్తుంది? ట్యాంకరు నీళ్ళకేమో మందు వాసన. నీ కూతురు "ఈ టీ నాకొద్దు, అవ్వ టీయే కావాలి" అని రోజూ పేచీ. ఎవరి మీద కోప్పడాలో తెలియక అందరి మీదా కోప్పడుతున్నాను. ఆవుల మీద కూడా.

పట్నం నుంచి కొలతలకు వచ్చినవాళ్ళు ఏమన్నారని రెండో ప్రశ్న. వేసవులు వేడెక్కి, నేల లోపలి పాత మంచు కరిగి గట్టు కూలిందన్నారు. మన స్తెపాన్ తాత ఊరుకుంటాడా? "మీ కొలతలు మీరు పట్టుకుపోండి. మా అవ్వ మాటపడి అలిగిపోయింది" అన్నాడు. ఆ మాట అన్నది నువ్వేనని ఊరంతా నమ్మింది. నమ్మించింది నేను.

జూలైలో నువ్వు గట్టు మీద నిలబడి, "అత్తా, ఇది లోపల కుళ్ళిపోయింది. ట్రాక్టరుతో మట్టి పోయించకపోతే నీళ్ళు నిలవవు" అని గట్టిగా అన్నావు. "నోర్ముయ్! అవ్వ ముంగిట్లో నిలబడి అవ్వకే జబ్బంటావా, బుద్ధి లేనివాడా!" అని నలుగురిలో నీ పరువు తీశాను. ఆగస్టులో నాలుగు రోజుల్లో నీళ్ళన్నీ ఏట్లోకి దిగిపోయాయి. చేపలు బురదలో కొట్టుకుంటుంటే అందరి ముందూ నీ వైపే వేలు చూపించాను. మర్నాడే నువ్వు మూట కట్టుకున్నావు.

"అత్తకు నా మీద కోపం పోయిందా?" అన్నది మూడో ప్రశ్న. దీనికి జవాబు రాయలేక రెండు కాగితాలు పాడుచేశాను. నాయనా, నీ మీద నాకు కోపమే లేదు. గట్టులో ఆ పగులు నీకన్నా ఇరవై రోజుల ముందే నేను చూశాను. జూన్‌లో అడవి ఉల్లి కోయడానికి వెళ్ళినప్పుడు. అరచెయ్యి పట్టేంత ఉంది, నీళ్ళు సన్నగా కారుతున్నాయి. అవ్వకి ఒంట్లో బాగాలేదని బయట చెప్పుకుంటామా? వెన్న రాసిన అట్టు ఒకటి పగులు పక్కన పెట్టి, దణ్ణం పెట్టుకుని ఇంటికొచ్చేశాను. అదే మాట నీ నోట వినేసరికి భయం వేసింది. ఆ భయమే నీ మీద తిట్లయి పడింది.

నిన్న ఊరి సభలో లేచి ఇదంతా చెప్పాను. తిడతారనుకున్నాను. కానీ స్తెపాన్ తాత టోపీ తీసి, "నేను మే నెల్లోనే చూశా. వల తీసుకుని అవతలి ఒడ్డుకి పోయా" అన్నాడు. పాలకేంద్రం వర్వారా వెనక నుంచి "నేనూ చూశా" అంది. చివరికి తొమ్మిదిమందిమి తేలాం. తొమ్మిదిమందిమీ అట్టు పెట్టో, వల పట్టుకునో తప్పుకున్నవాళ్ళమే. నోరు తెరిచినవాడివి నువ్వొక్కడివి, నిన్నే వెళ్ళగొట్టాం.

పక్క లోయ సరస్సూ అవ్వే కదా, ఆమె గట్టు కూడా ఒకచోట కుంగింది. మంచు కోసేటప్పుడు అందరం చూశాం. ఇంత జరిగాక కూడా పైకి అనడానికి ఒక్కరికీ నోరు రావడం లేదు. నువ్వు రా నాయనా. వచ్చి, ఆమె ముంగిట్లోనే నిలబడి గట్టిగా చెప్పు. ఈసారి నీ పక్కన నేనుంటాను.

ఇట్లు,
తిట్టిన నోటితోనే పిలుస్తున్న
నీ అత్త