ఒంటిచేతి గాలం

పెనుకొండ,
ఆదివారం.

నా సుధకు,

ఫోన్ చేస్తే నువ్వు "ఊ" అంటావు, నాకు మాట ఆగిపోతుంది. అందుకే కాగితం పట్టుకున్నాను. చదివి చింపేస్తావో, మీ భాగ్యక్కకు చూపిస్తావో నీ ఇష్టం.

ధర్మవరంలో మగ్గం విప్పేసి, ఇక్కడ ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేరానని నీకు తెలుసు. మా ఇంజనీరు కిషోర్ సారుకు చేపల పిచ్చి. ఆదివారమైతే చెరువు గట్టు మీదే ఉంటారు. మనలా ఎర గుచ్చి కూర్చోవడం కాదు. కోడి ఈకతో చుట్టిన ఉత్తుత్తి పురుగును బరువైన దారానికి కట్టి, సన్నటి కర్ర ఊపి నీళ్ల మీదికి విసురుతారు. అదీ ఒక్క చేత్తో! రెండు చేతులూ ఉన్న మనిషి ఒక్క చేత్తో ఆడుకుంటుంటే నాకు కడుపు మండింది. ఆ వెంటనే ఆశా పుట్టింది. ఎడమచేయి మణికట్టు దాకా లారీ కింద పోయినవాడికి, ఒక్క పనైనా పూర్తిగా తానొక్కడే చేయగలనని చూపించుకోవాలని ఉండదా? నేర్పమని అడిగేశాను.

బొటనవేలు పిడి మీద పెట్టాలి. మణికట్టు వంచకూడదు. కర్ర వెనక్కి ఎత్తి చెవి దగ్గర టక్కున ఆపాలి. అక్కడే నాకు కుదర్లేదు. మగ్గం తాడు లాగినట్టు లాగడం, వెంటనే ముందుకు కొట్టడం. దారం చెళ్లుమనేది, పురుగు తెగి వెనక తుమ్మచెట్లలో పడేది. "వెనక్కి పోయిన దారం పూర్తిగా చాచుకోనీ తిరుపాల్, అంత తొందరేమప్పా?" అని సారు నెత్తి కొట్టుకునేవారు. నెలరోజులు ఇదే తంతు. మనిద్దరం చీర నేసేటప్పుడు, పక్కన నువ్వు అంచు దారమున్న నాడె ఇవతలికి తోసేదాకా నేను చేయి ఆపేవాడిని కదా, ఒకరోజు ఆ ఆపు గుర్తొచ్చింది. దారాన్ని వెనక్కి పంపి, నీ నాడె వచ్చేంతసేపు ఆగాను. అది మెల్లగా ముందుకు పరుచుకుని నీళ్ల మీద వాలింది. సుధా, నాకు ఏడుపొచ్చింది.

పోయిన ఆదివారం చేప పడింది. జానెడు జిలేబి చేప. దారాన్ని రెండో చేత్తో పట్టుకోవాలి. నేను వల విసిరేవాళ్లలా పళ్లతో పట్టుకున్నాను. చేతిలో కర్ర, నోట్లో దారం, చేప గింజుకుంటోంది. ఎలా తీసేది? సారు కారు దగ్గరికి పోయారు. గొర్రెలు మేపే పోతులయ్య ఒక్కడే గట్టు మీద ఉన్నాడు. పిలవాలంటే నోరు తెరవాలి, తెరిస్తే చేప పోతుంది. చాలాసేపు అలాగే నిలబడ్డాను. చివరికి "ఏమప్పా, రొంచెం పట్టుకోరాదా!" అని అరిచాను. దారం జారింది, చేప పోయింది. పోతులయ్య పరుగెత్తుకొచ్చి, "ఈ మాట చెప్పేకి ఇంతసేపా? నేను ఈడనే ఉండాను కదబ్బా!" అని తిట్టాడు.

చేయి పోయాక నేను సాయం అడగడం అదే మొదలు. మీ తమ్ముడి పెండ్లిలో నువ్వు నా చొక్కా పైగుండీ పెట్టబోతే, అందరి ముందూ నీ చేయి విసిరికొట్టి, "నేనేమన్నా పసిబిడ్డనా? పో" అన్నాను. నువ్వు పోయావు. ఎనిమిది నెలలైంది. తప్పు నాదే. నాకు ఎవరి అవసరమూ లేదని నిరూపించుకుని అప్పుడు నిన్ను పిలుద్దామనుకున్నాను. అవసరం ఉంది సుధా. రా.

నీ
తిరుపాల్

హిందూపురం,
బుధవారం.

ఏమయ్యా,

ఉత్తరం అందింది. చింపలేదు, అక్కకు చూపించలేదు. నెలరోజుల్లో ఆగడం నేర్చుకున్నానని గొప్పలు పోతున్నావు. నేను ఎనిమిది నెలలు ఆగాను, నాకు ఏ సారూ నేర్పలేదు.

నీ చేయి పోయిందని జాలిపడి ఆ గుండీ పెట్టబోయాననుకున్నావు. పెండ్లైన కాడినుంచీ, రెండు చేతులూ ఉన్నప్పుడు కూడా, నీ పైగుండీ పెట్టింది ఎవరు? అది మరిచిపోయావు చూడు, దానికి మండింది నాకు. ఇక్కడ కుట్టు ఫ్యాక్టరీలో రోజంతా చొక్కాలకు గుండీలు కుట్టడమే నా పని. ఒక్కోటీ నిన్ను తిట్టుకుంటూ కుట్టాను.

శనివారం మధ్యాహ్నం బస్సుకు వస్తాను. బస్టాండుకు రా. కొత్త చొక్కా తొడుక్కో. గుండీలన్నీ నువ్వే పెట్టుకో, పైది మాత్రం వదిలెయ్.

సుధ