పెరిగిన నల్లపూసలు

లాలాగూడ,
ఆదివారం మధ్యాహ్నం.

అత్తమ్మకు,

కోడలు సుకన్య దండం పెట్టి రాస్తున్న సంగతులు. ఇక్కడ మామయ్య, మీ అబ్బాయి యుగంధర్, నేను, మీ కరివేపాకు చెట్టుతో సహా అందరం బాగున్నాం. బిలాస్‌పూర్‌లో మీరూ, రాధిక వదిన ఇంటిల్లిపాదీ కూడా ఇలాగే ఉన్నారని అనుకుంటున్నాను. ఎదురుగా ఉంటే మిమ్మల్ని నువ్వు అనే అంటాను, పెన్ను పట్టుకుంటే మాత్రం మీరు అని వస్తుంది. పరాయిదాన్నయ్యానని అనుకోకండి.

కంటి ఆపరేషన్ అయ్యాక మీ చేత్తో మీరు రాసిన మొదటి ఉత్తరం అందింది. ఒక్కో అక్షరం చెగోడీ అంత ఉంది. మామయ్య దాన్ని చదివి, మళ్లీ చదివి, "నాకంటె మంచిగ రాస్తది మీ అత్త" అని చొక్కా జేబులో పెట్టేసుకున్నారు. ఇప్పుడు జవాబు రాయడానికి ఆయన్ని బతిమాలి తీసుకోవాల్సి వచ్చింది. ఫోన్లో అయితే నేను అరవాలి, మీరు "ఆఁ? ఆఁ?" అనాలి, మధ్యలో గల్లీ అంతా మన ఇంటి సంగతులు వినాలి. మన ఇద్దరికీ ఉత్తరమే నయం.

ముందు మీరడిగినవి చెప్పేస్తాను. మామయ్య బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నారు, నేను ఎదురుగా నిలబడితేనే. కరివేపాకు చెట్టుకు పుల్లమజ్జిగ పోస్తున్నాను. పక్కింటివాళ్లు అడగకుండా కోసుకోవడం మానలేదు, నేను చూడనట్టు ఊరుకోవడమూ మానలేదు. యుగంధర్‌కు ఈ నెలంతా పగటి డ్యూటీయే పడింది, కాబట్టి వేళకు తింటున్నాడు. మీరు మాత్రం కంట్లో చుక్కలు వేసుకోవడం ఎగ్గొడుతున్నారని వదిన మెసేజ్ పెట్టింది. ఇది బాగా లేదు అత్తమ్మా. ఆ కంటితో నాకు చాలా పని ఉంది, ఎందుకో చివర్లో తెలుస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న. ముందుగది సంగతి ఏమైందని అడిగారు.

మీరు రైలెక్కిన మర్నాడే మామయ్య నన్ను పిలిచి గట్టిగా చెప్పారు. "నెలాఖరుదాంక చూస్త బిడ్డా. ఒక్క పక్కా ఆర్డర్ పట్టుకొస్తే గది మీదే. లేకుంటె సెల్‌ఫోన్లు రిపేర్ చేసే పిలగాడు అడుగుతున్నడు, ఆయనకు కిరాయికిస్త." ఆయన్ని తప్పు పట్టలేను. మన ఆడవాళ్ల పూసల సంఘం ఆ గదిలో కూర్చుని ఇన్నాళ్లూ ఎగ్జిబిషన్లలో నాలుగు కమ్మలు, చుట్టుపక్కల పెళ్లిళ్లకు రెండు దండలు అమ్మడం తప్ప పెద్దగా సాధించింది లేదు. మాట్లాడుకున్నంత అమ్ముకోలేదని మామయ్య ఎగతాళి చేస్తుంటారు, అదీ నిజమే. కానీ గది పోతే సంఘం పోయినట్టే. హదస్సా ఇంట్లో కుట్టుమిషనూ మంచమూ పోగా పూసల పళ్లెం పెట్టే చోటు లేదు. మిగతా వాళ్లకు ఇంట్లో దారం విప్పితేనే గొడవ. మీరు కూర్చోబెట్టి ముడి వేయడం నేర్పిన వాళ్లందరూ తలా ఒక దిక్కు అయిపోతారని నాకు అన్నం సయించలేదు.

అలాంటప్పుడు కల్పలతగారు దొరికారు. ఆవిడకు బేగంపేటలో పెళ్లినగల షాపు ఉంది. ఎగ్జిబిషన్‌లో మన కమ్మలు చూసి, "ఆర్డర్ ఇస్త గని, ముందు మీ చేతిపని ఎట్లుంటదో చూడాలె" అన్నారు. పరీక్షకు తన వాళ్లమ్మగారి పాత నల్లపూసలే పంపారు. రెండు వరుసలు, మధ్య మధ్య పగడాలు, బంగారు గుండ్లు. వాళ్ల ఇంట్లో పెళ్లయిన మనవరాలి మెడలో అమ్మమ్మ తన నల్లపూసలు వేయడం ఆనవాయితీ అట. కల్పలతగారి అమ్మాయి లాస్య పెళ్లి శుక్రవారం. ఆ పెళ్లికి అవి సిద్ధం కావాలి.

అవి వచ్చిన బుధవారం నేను దారాలు కొనడానికి జనరల్ బజార్‌కు వెళ్లాను. ఫోన్ చార్జింగ్‌లో పెట్టి గదిలోనే వదిలేశాను. కల్పలతగారు దానికి మాట రికార్డు చేసి పంపారు. "సుకన్యా, మా అమ్మ నల్లపూసలు పంపుతున్న. పెరిగినయి. జెర సరిచేసి మా డ్రైవర్ చేతికే ఇచ్చెయ్యుండ్రి." ఇది విన్నది హదస్సా. డ్రైవర్ వాకిట్లో ఎదురుచూస్తున్నాడని, నన్ను ఎందుకు ఆపాలని, ఆ పని తనే అందుకుంది.

నేను వచ్చేసరికి డ్రైవర్ వెళ్లిపోయాడు. హదస్సా ముఖం వెలిగిపోతోంది. ఆమె ముందు చిన్న పొట్లంలో నల్లపూసలూ కొన్ని పగడాలూ ఉన్నాయి. ఇవేంటని అడిగాను.

"మిగిలినయి అక్కా. పెరిగినయన్నది గద మేడం. నిజంగనే ఒక వరుస కిందికి ఏలాడుతున్నది. రెండు వరుసలు సమానం చేసి తగ్గించిన. మంచిగ మెడకు కుదిరినట్టు వచ్చింది."

మన ఇళ్లలో తాళిగానీ నల్లపూసలుగానీ తెగాయని నోటితో అనం కదా, పెరిగాయి అంటాం. ఒక వరుస కొక్కెం దగ్గర తెగితే, పూసలు రాలిపోకుండా వాళ్లెవరో పొడుగాటి తెల్లదారంతో ముడేశారు. అందుకే అది వేలాడింది. హదస్సా వాళ్లు క్రైస్తవులు, వాళ్ల ఇంట్లో నల్లపూసలే లేవు. అక్కడ తెగితే తెగిందనే అంటారు. సంగతి చెప్పగానే ఆమె ముఖం మాడిపోయింది. "తెగితే తెగినయనాలె గద అక్కా. పెరిగినయంటె నాకేం తెలుస్తది?" అంది. వరండాలో పేపర్ చదువుతున్న మామయ్య తల తిప్పకుండానే, "ఆ సెల్‌ఫోన్ పిలగానికి ఫోన్ చెయ్యాల్నా?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, రెండూ దిగమింగాను.

మర్నాడు పొద్దున్నే కల్పలతగారి కారు మన గల్లీ మొదట్లో ఆగింది. వెంట లాస్య కూడా ఉంది, చేతులకు గోరింటాకు, మెడలో ఆ పొట్టి నల్లపూసలు. ఇంటి దగ్గర కొలత చూడ్డానికి వేసుకుందట, అలాగే కారెక్కించేశారు. కల్పలతగారు గుమ్మం దగ్గరే నిలబడ్డారు, చెప్పులు కూడా విప్పలేదు.

"ఎవలు చేసిన్రు గిది? నల్లపూసలు ఎవలన్న తగ్గిస్తరా? మా అమ్మ చూస్తే పెండ్లింట్ల కండ్లనీళ్లు పెట్టుకుంటది."

హదస్సా చేతిలో సూది ఆగిపోయింది. అందరూ నా వైపు చూశారు. నేనొక మాట చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను, చివర్లో రాస్తాను. కాగితం తిప్పి చూడకండి. ఆ మాట విని కల్పలతగారి గొంతు కొంచెం తగ్గింది. "సరే, అయ్యిందేదో అయ్యింది. సాయంత్రానికి పాత పొడుగు చేసియ్యుండ్రి" అన్నారు. ఆర్డర్ ఊసు మళ్లీ ఎత్తలేదు. గది చేజారినట్టేనని నాకు అర్థమైంది.

ఈలోగా లాస్య గోడకున్న అద్దం ముందు నిలబడి మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. విప్పమని నేను దగ్గరికెళితే చెయ్యి అడ్డం పెట్టింది.

"మమ్మీ, గిట్లనే ఉండనియ్. పొడుగుదైతే నేను లాకర్‌లనే పెడుత. ఆఫీస్‌ల ఐడీ కార్డ్‌తోని చిక్కు పడతది. ఇది రోజూ ఏసుకపోత."

"అమ్మమ్మకు ఎవలు చెప్తరు మరి?"

"నేనే చెప్త" అని అక్కడికక్కడే వీడియో కాల్ చేసింది. ఆ పెద్దావిడ ముఖం ఫోన్ నిండా కనబడింది. లాస్య మెడను తేరిపార చూసింది. తర్వాత అడిగింది, "మిగిలిన పూసలేవి? పారేసిన్రా?"

"ఒక్కటి సుత పోలేదమ్మా" అని హదస్సా పొట్లం విప్పి ఫోన్‌కు ఎదురుగా పట్టింది. ఇంకెవరూ ఏమీ చెప్పకముందే కింద కూర్చుని దారం తీసింది. నల్లపూసల మధ్య పగడాలు కూర్చి, మీరు నేర్పిన ముడే వేసి, లాస్య మణికట్టుకు కట్టింది. ఆమె వేళ్లు అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. పొట్లం ఖాళీ అయింది. పెద్దావిడ ఇదంతా ఫోన్లోంచి చూస్తూనే ఉంది.

"మెడకొకటి, చేతికొకటి. ఒక్కటున్నది రెండయినయి. అంటె పెరిగినట్టే గదనే కల్పలతా" అంది.

ముందు లాస్య నవ్వింది, తర్వాత మేమందరం నవ్వాం. కల్పలతగారు అప్పుడు చెప్పులు విప్పి లోపలికొచ్చి చాప మీద కూర్చున్నారు. నేను చాయ్ పెట్టాను.

పెళ్లికి మమ్మల్నందరినీ పిలిచారు. లాస్య స్నేహితురాళ్లు ఆమె మెడా చెయ్యీ పట్టుకుని చూసి, ఎక్కడ చేయించావని ఒకటే అడగడం. హదస్సా భోజనం వదిలేసి వాళ్ల వెనకాలే తిరిగింది, వినడానికి. మంగళవారం కల్పలతగారు మళ్లీ వచ్చారు. ఈ పెళ్లిళ్ల సీజనంతా ఆవిడ షాపుకు మెడకూ చేతికీ కలిపి జంటలు మనమే చేసివ్వాలి. వారం వారం. ఇంకెవరి దగ్గరా కొనరట. మాకందరికీ కొత్త పని దొరికింది, గది మనదైంది. సాయంత్రం ఆ సెల్‌ఫోన్ అబ్బాయి వస్తే మామయ్య గేటు దగ్గరే ఆపి, "గది లేదు బిడ్డా. మా కోడలు ఫ్యాక్టరీ పెట్టింది" అని చెప్పారు. మర్నాడు ఆయనే వెళ్లి గదికి కొత్త ట్యూబ్‌లైట్ తెచ్చి, స్టూలెక్కి బిగించారు. ఎక్కొద్దంటే వినలేదు. అది మాత్రం మీరు తిట్టాల్సిందే.

ఇక దాచిన మాట. ఎవరు చేశారని కల్పలతగారు గుమ్మంలో అడిగినప్పుడు నేను మీ పేరు చెప్పాను. "మా అత్తమ్మ చేసింది మేడం. పెద్దామె. చెవులు వినబడవు, కంటికి ఆపరేషన్ అయ్యింది. మీరొకటి చెప్తే ఆమెకు ఇంకోటి అర్థమైంది" అన్నాను. మీరు అక్కడ కంటికి పట్టీ విప్పుకుని కూర్చుంటే, ఇక్కడ చెయ్యని తప్పు మీ నెత్తిన రుద్దాను. లాస్య "ఆంటీ, మీ అత్తమ్మ ఏది?" అని అడిగితే లోపల పడుకుందన్నాను. వరండాలో మామయ్య దగ్గారు. అంతకంటే ఏమీ అనలేదు, ఇప్పటికీ ఆ ఊసు ఎత్తలేదు.

మంగళవారం నా అబద్ధం నాకే అడ్డం తిరిగింది. కల్పలతగారు ఒక పట్టుచీర తెచ్చి, "ఆ పెద్దమ్మను పిలువు, ఆమె చేతికే ఇస్త" అన్నారు. నేను నోరు తెరిచేలోపు హదస్సా లేచి నిలబడింది. "మేడం, ఆమె ఊర్లనే లేదు. అది నేను చేసిన. నన్ను కాపాడనీకె అక్క ఆమె మీద పెట్టింది. ముడి మాత్రం ఆమెదే, మాకందరికి ఆమెనే నేర్పింది." కల్పలతగారు నన్నే చూస్తూ, చూస్తూ, నవ్వాపుకోలేకపోయారు. చీర హదస్సా చేతిలో పెట్టారు. వెళ్లేముందు, "నింద మోసినామెకు సుత ఒకటి తెస్త. గని ఆమె చేతికే ఇస్త, నీకియ్య. ఎప్పుడొస్తదో కనుక్కో" అన్నారు.

ఆ రోజు నుంచీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. దారం పాడైందనొచ్చు, నేనే చేశాననొచ్చు, ఎన్ని లేవు చెప్పడానికి? మీ పేరే ఎందుకొచ్చింది నోటికి? భయమేస్తే చిన్నపిల్లలు పరుగెత్తి అమ్మ కొంగు వెనక దాక్కుంటారు. నేనూ అదే చేశాను అత్తమ్మా. మీరు ఇంట్లో లేకపోయినా మీ వెనకే దాక్కున్నాను.

ఇక్కడ మీ చేతులతో పని అయిపోయిందని అన్నారట మీరు, వదిన చెప్పింది. అది ఒప్పుకోను. ఇంత పని మా ఒక్కళ్ల వల్ల కాదు, కొత్తగా చేరుతున్న వాళ్లకు ముడి నేర్పే మనిషి కావాలి. డాక్టర్ సరేనన్న రోజే బయల్దేరండి, యుగంధర్ వచ్చి తీసుకొస్తాడు. నన్ను తిట్టాలనిపిస్తే ఉత్తరంలో తిట్టొద్దు. వచ్చి, ఎదురుగా కూర్చుని, తృప్తిగా తిట్టండి.

ఇట్లు,
అడగకుండా మీ పేరు వాడుకున్న, మళ్లీ భయమేస్తే మళ్లీ వాడుకునే
మీ కోడలు
సుకన్య