గోడకు అనుమతి

గ్లెనిస్,

నిజాయితీ అనుకుని నేను చేసింది ఉత్త పిరికితనమేనా? తెల్లవారినప్పటి నుంచి నన్ను నేను ఇదే అడుగుతున్నాను.

పదింటికి లాయరమ్మ ఫోన్ చేస్తే, నేను ఈస్ట్‌బోర్న్ వెళ్లానని చెప్పు. మన ఫ్లాట్ కొనేవాళ్లు అడిగితే శుక్రవారం దాకా ఆగమను. అంతకు మించి ఆగరని నాకూ తెలుసు. నువ్వు మాత్రం మెట్లు దిగకు. పాలు కింది ఫ్లాట్ నోరీన్ తెస్తుంది.

ఫ్లాట్ మనదే అయినా స్థలం లీజుది కాబట్టి, వంటగది గోడ తీయాలంటే స్థల యజమాని ప్రోథెరో గారి అనుమతి కావాలి; మనం అడగలేదు. అమ్మేటప్పుడు ఆ లోపానికి చిన్న బీమా తీసుకుంటే సరిపోయేది. నేను ఆయనకే ఉత్తరం రాసి తప్పు ఒప్పుకున్నాను. "ఆయన చెవిన వేశాక ఏ కంపెనీ బీమా ఇవ్వదండీ. ఇక ఆయన సంతకమే దిక్కు," అంది లాయరమ్మ. తొమ్మిది వారాలైనా ఆయన జవాబివ్వలేదు.

నిన్న నువ్వు, "పాపాలు చెప్పుకోడానికి నీకు చర్చి దొరకలేదా, మహానుభావా?" అన్నావు. నవ్వాను. సాయంత్రం తుంటినొప్పితో మూడంతస్తులు ఎక్కుతూ నువ్వు నాలుగుసార్లు ఆగడం తలుపు వెనక నుంచి విన్నాను. ఈ ఫ్లాట్ అమ్మి కొనాలనుకున్న, మెట్లు లేని ఆ ఇల్లు చేజారితే, ఆ దోషం నాదే.

చేతులు కట్టుకుని కూర్చోవడాన్ని ఇన్నాళ్లూ ఓర్పు అనుకున్నాను. ప్రోథెరో గారు సంతకం చేయాల్సిన అనుమతి పత్రం తీసుకుని ఈస్ట్‌బోర్న్‌లో ఆయన ఇంటికే వెళ్తున్నాను.

మాల్కమ్

ముందుగా ఆయనకు ఫోన్ చేద్దామని రిసీవర్ ఎత్తాను. రావద్దంటే ఆగిపోతానని తెలిసి పెట్టేశాను. టాక్సీ వచ్చింది, దిగుతున్నాను.