సముద్రం ఒడ్డున మీ ఫ్లాటులో అమ్మ

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నరసాపురం అవతల సముద్రం ఒడ్డున ఉన్న మీ చిన్న ఫ్లాటు అమ్మేస్తున్నానని, నీ బట్టలు పట్టుకెళ్లమని బావ ఫోన్ చేస్తే ఆకివీడు నుంచి అమ్మా నేనూ వెళ్లాం. సోఫా, గాజు బల్ల, టీవీ అన్నీ తళతళలాడుతున్నాయి. బాత్‌రూమ్ తలుపుకి మాత్రం లోపలి గడియ లేదు. అది ఊడిన చోట చెక్క చీలిపోయి ఉంది.

"ఇదేంటండీ అల్లుడుగారూ?" అని అడిగింది అమ్మ.

"మీ అమ్మాయి లోపలికెళ్లి గడియ పెట్టేసుకునేదండీ. తలుపు తన్ని తెరవాల్సొచ్చేది," అన్నాడు బావ, మామూలుగా.

బాల్కనీలోంచి నువ్వు కాలు జారి పడిపోయావన్న ఆయన మాటే ఇన్నాళ్లూ నమ్మాం.

అమ్మ ఇనప స్టూలు ఎత్తి గాజు బల్ల మీద వేసింది. తర్వాత టీవీ, ఆ తర్వాత అద్దం. "పక్కకి తప్పుకోండి బాబూ, గాజుపెంకులు గుచ్చుకుంటాయి," అని బావతో అంటూనే పగలగొట్టింది. బావ అమ్మ జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. నేను ఆయన చెయ్యి కొరికాను. నోట్లోకి నెత్తురొచ్చినా వదల్లేదు. అమ్మ స్టూలుతో ఆయన మోకాలి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. పక్క ఫ్లాట్లవాళ్లు పరిగెత్తుకొచ్చి విడదీశారు.

స్టేషన్లో ఎస్సైగారు "కొట్టిందెవరమ్మా?" అని అడిగారు.

అమ్మ నుదుటి నెత్తురు కొంగుతో అదుముకుంటూ, "నేనేనండీ. కానీ ముందు ఆయన మా పెద్దమ్మాయిని కొట్టిన సంగతి రాయండి. నాది ఆ తర్వాత రాసుకుందురు గాని," అంది.

ఎస్సైగారు అమ్మకి కుర్చీ చూపించి, ముందు నీ పేరు అడిగారు అక్కా.